ముద్దుపేరుకో గడి ఇప్పించండి

రాష్ట్ర జనన మరణాల చీఫ్ రిజిస్ట్రార్ గారికి,

అయ్యా,

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు నుంచి ఓ తాతగారి మనవి. మా మనవరాలిని పుట్టిననాడే మా ఆవిడ పొత్తిగుడ్డల్లో ఎత్తుకుని ‘అమ్ములూ’ అంది. ఇంక పేరు పెట్టడానికేం మిగిలిందండీ? పాలు పోసే కుర్రాడు కూడా అలాగే పిలుస్తున్నాడు. 21 రోజుల్లోపే పుట్టుక నమోదు చేయించాం గానీ పేరు గడి ఖాళీ. ఏడాదిలోగా రాయిస్తే రుసుము ఉండదనీ, ఆపైన 15 ఏళ్లదాకా ఆలస్య రుసుము కట్టి రాయించుకోవచ్చనీ నిబంధన. అది రాసినాయనకి గోదావరి జిల్లాలో చుట్టాలుండే ఉంటారు.

మాకు కావలసింది అమ్ములుకి అతికే రికార్డు పేరు. కోడలు ‘అమూల్య’ అంది. భేషుగ్గా ఉంది. సిద్ధాంతిగారు పంచాంగం తిప్పి, రోహిణి నక్షత్రం కాబట్టి ఓ, వా, వీ, వూల్లో ఒకటి పడాల్సిందే అన్నారు. వియ్యపురాలుగారికి తిరుపతి మొక్కుంది, ముందు ‘వెంకట’ తప్పదు. మరి అన్నవరం సత్యదేవుడేం పాపం చేశాడని మా ఆవిడ. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో ‘వెంకట సత్య వైష్ణవి అమూల్య’ అని రాయబోతే, ‘వైష్ణవి’ దగ్గరే బియ్యం అయిపోయాయి. డల్లాస్‌లో ఉన్న మా పెద్దాడు ఫోన్లో లబోదిబోమన్నాడు. అక్కడ ముందున్న ముక్కే పట్టుకుంటారట. ఆసుపత్రిలో ‘వెంకటా’ అని కేకేస్తే నలుగురు లేచి నిలబడతారట.

పొడుగు పేర్లు మా ఊరికి కొత్త కాదు లెండి. ఉప్పలపాటి వెంకట సూర్యనారాయణ ప్రభాస్ రాజులోంచి ఒక్క ముక్క తీసుకుంటే లోకమంతా గుర్తుపట్టింది. కొణిదెల శివశంకర వరప్రసాద్ ఆ పేరుతోనే నర్సాపురం వై.ఎన్. కాలేజీలో బీకాం చదివి, తెర మీద చిరంజీవి అయ్యాడు. రికార్డు పేరు మళ్లీ వాల్‌పోస్టరెక్కింది 2026 సంక్రాంతికి, ‘మన శంకర వరప్రసాద్ గారు’ అంటూ. రికార్డు పేరు బీరువాలో పట్టుచీరండి, రోజూ కట్టేది కాదు.

కాకపోతే ఇప్పుడా చీర మరీ బరువెక్కింది. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవాళ్లకి బడి నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారమన్నారు. అందులో అమ్ములు లేకపోతే ఆ పిల్ల ఎవరండీ? ఎన్నికల్లో నిలబడ్డవాడు జనం ఎరిగిన పేరే బ్యాలెట్ మీద వేయించుకోవచ్చని 1961 నాటి నిబంధనల్లోనే ఉంది. ఓటు అడిగే పెద్దమనిషికి ఉన్న వెసులుబాటు ఉగ్గుపాలు తాగే పిల్లకి లేకపోవడం ఏం న్యాయం?

అందుకని ‘ఇంట్లో పిలిచే పేరు’ అని ఇంకో గడి వేయించండి. దానికి రోహిణీ అక్కర్లేదు, మొక్కులూ అక్కర్లేదు. పై గడి గొడవ మేం మేం తేల్చుకుంటాం, 15 ఏళ్ల గడువుందిగా.

జవాబు పోస్టులో పంపితే కవరు మీద నా రికార్డు పేరు రాయకండి, వెనక్కొచ్చేస్తుంది. అబ్బులుగారిల్లు అంటే చాలు.

ఇట్లు,
అబ్బులు