కునుకు మామ

ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఇప్పుడు వీధికొక కునుకు మామ ఉన్నాడు. మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం చేసి, కొడుకును డాలస్‌కు పంపి, మనవడి పుట్టినరోజుకని విమానమెక్కే మనిషి. అమెరికా ఎట్లుంది మామా అంటే చెప్పడు. దారిలో తాను ఎట్ల నిద్రపోయిందీ చెప్తాడు.

"కిటికీ సీటే తీసుకోవల్లప్పా, తల ఆనించేదానికి గోడ ఉంటాది. చివరి వరుసకు పోవాకు, చానా విమానాల్లో ఆ సీట్లు వెనక్కి వాలవు. బెల్టు దుప్పటి మీద పెట్టుకోవల్ల. లోపల పెట్టుకుంటే, కుదుపులొచ్చినప్పుడల్లా ఎయిర్‌హోస్టెస్ పాప వచ్చి లేపుతాది."

ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్‌లో మంత్రాలయం బస్సు కోసం నిలబడినోళ్లకు ఈ పాఠం. వాళ్లు విమానాన్ని తలెత్తి చూసినోళ్లే గానీ ఎక్కినోళ్లు కాదు. అయినా వింటారు, బస్సు రావాలి కదా.

సీటుకూ సీటుకూ మధ్య 31 అంగుళాలేనని కొడుకు ముందే భయపెట్టాడట. మామ నవ్వాడట. "బొంబాయి మెయిల్లో జనరల్ పెట్టె, కక్కసు తలుపుకు ఆనుకొని నిలబడి నిద్రపోయినోన్ని. 31 అంగుళాలంటే నాకు పెండ్లి మంచం!"

విమానంవాళ్లిచ్చే కంబళి ఆయనకు ఆనదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊళ్లో పుట్టి, ఊలుగుడ్డ కప్పుకుంటామా అంటాడు. చేతిసంచీలో నేత దుప్పటి ఉండాల్సిందే. లోపల గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు, నీళ్లు బాగా తాగమంటాడు. తాగితే మధ్యలో లేవల్ల కదా మామా? "నేను లేచేది ఒకసారే. లేచి దారి ఇచ్చేది పక్కోళ్ల పని."

అత్త నిద్రపోదు. తెర మీద విమానం బొమ్మ సముద్రం దాటేదాకా కన్నార్పదు. ఎవరో ఒకరు చూసుకోకుంటే ఎట్ల? మధ్యమధ్య లేచి అటూ ఇటూ నడుస్తుంది కూడా. అందుకే డాలస్‌లో ఆమె కాళ్లు చెప్పుల్లో పడతాయి, కదలకుండా పడుకున్న మామ కాళ్లు పట్టవు. ఈ సంగతి సర్కిల్‌లో రాదు.

ఇంకోటి కూడా రాదు. మామ గురక. ముందు మూడు వరుసలు, వెనక మూడు వరుసలు తెల్లార్లూ జాగారమే. టికెట్టు తీసుకున్నాక పక్క సీటు మామదని తెలిస్తే సీటు మార్చమని గొడవ పడకండి. రెండు చెవులకూ సరిపడా దూది పెట్టుకొని పోండి. ఆదోని దూదే మేలు.