రద్దీ తప్పించుకునేవాళ్ల రద్దీ

మా అల్లుడు పెళ్లిచూపులకు కూడా ఇంత సిద్ధపడి రాలేదు. ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ చూపించడానికి మమ్మల్ని తీసుకెళ్లే ముందు ఓ ఎక్సెల్ షీటు తయారుచేశాడు. అందులో సాయంత్రం గడులన్నిటికీ ఎర్రరంగు పూశాడు. "పగలు ఎలాగోలా నెట్టుకొచ్చేస్తాం మామయ్యగారూ, అసలు సంగతంతా చీకటిపడ్డాకే" అన్నాడు. తిరుమల కంపార్ట్‌మెంట్లో పద్నాలుగు గంటలు కూర్చుని లేచినవాణ్ణి నేను. నాకు చెబుతున్నాడు!

అతని దిగులూ ఉత్తదేం కాదు. 1971 అక్టోబరు 1న తెరిచిన పార్కు అది. రాత్రయ్యేసరికి 189 అడుగుల సిండరెల్లా కోట మీద బాణసంచా కాలుస్తారు. పొద్దుటినుంచి తలో దిక్కునా తిరిగిన జనమంతా కోట ముందున్న ఒక్క వీధిలోకి చేరతారు. అయిపోగానే అందరూ ఒకేసారి ఇంటిముఖం పడతారు. కారు గేటు పక్కన ఉంటే బాగుండును. మధ్యలో ఓ సరస్సు. పడవెక్కాలి, లేదా మోనోరైలెక్కాలి. రథోత్సవం ముగిశాక ఊరు ఊరంతా ఒక్క రేవు దగ్గర నిలబడినట్టు ఉంటుంది.

క్యూలు తప్పించుకునే మార్గం లేకపోలేదు. 1999లో వచ్చిన ఫాస్ట్‌పాస్‌కి డబ్బులుండేవి కావు. 2021 నుంచి డబ్బు కట్టాలి. ఇప్పుడు దాని పేరు లైట్నింగ్ లేన్. పార్కువాళ్ల హోటల్లో దిగినవాళ్లు ఏడు రోజుల ముందు, తక్కినవాళ్లు మూడు రోజుల ముందు పొద్దున్నే ఏడింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. అల్లుడు ఇదంతా పావుగంట వివరించాడు. మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "మూడొందల టికెట్టని చెప్పొచ్చుగా బాబూ!" ఆ వెంటనే, సిఫారసు ఉత్తరం ఎవరిదైతే చెల్లుతుందని అడిగింది. షీటులో దానికి గడి లేదు.

అల్లుడి బ్రహ్మాస్త్రం ఇదీ: జనమంతా ఆకాశంకేసి చూస్తున్న ఆ కాసేపట్లో మేం ఏడుగురు మరుగుజ్జుల గని రైలెక్కేయాలి. అప్పుడక్కడ పురుగు కూడా ఉండదట.

పరుగులాంటి నడకతో వెళ్లాం. పురుగుల సంగతేమో గాని, మనుషులు మాత్రం నిండా ఉన్నారు. మా ముందున్నాయన తెలుగాయనే. అతని ఫోనులోనూ ఓ షీటు, అందులోనూ సాయంత్రానికి ఎర్రరంగు.

"ఈ కిటుకు మీకెవరు చెప్పారండీ?" అన్నాడు మా అల్లుడు, నీరసంగా.

"యూట్యూబులో చూశా. మీరో?"

మావాడు మాట్లాడలేదు. నెత్తిమీద ఆకాశం ఎర్రగా, పచ్చగా పగిలిపోతోంది. క్యూలో ఒక్కడు తలెత్తితే ఒట్టు. అందరూ ఫోన్లో ఇంకా ఎన్ని నిమిషాలో చూసుకుంటున్నారు. రద్దీని తప్పించుకోవడానికి వచ్చినవాళ్లంతా కలిస్తే అంత రద్దీ అవుతుందని నాకప్పుడే తెలిసింది.

మోకాళ్లు నొప్పులని మా ఆవిడ ముందే బెంచీ మీద చతికిలబడింది. ఒళ్లో మనవరాలు, పక్కన పులిహోర డబ్బా. మేం తిరిగొచ్చేసరికి పులిహోరా అయిపోయింది, బాణసంచా అయిపోయింది. రెండూ బాగున్నాయంది.

అల్లుడు పడవకేసి పరుగు తీయమన్నాడు. ఆవిడ కదల్లేదు. "దర్శనమయ్యాక కాసేపు కూర్చోవాలయ్యా. లేస్తే అంతా ఒక్కసారే లేస్తారు, పద్ధతి లేకుండా" అంది. ముప్పావుగంట కూర్చున్నాం. తర్వాత వెళ్తే పడవలో నలుగురికీ సీటు దొరికింది. షీటు ప్రకారం మేం అప్పటికి ఇంట్లో నిద్రపోతుండాలి.

వచ్చే వేసవికి పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దలకు ఒక్క మనవి. షీటు సంగతి అల్లుళ్లకే వదిలేయండి, పులిహోర మీరు చూసుకోండి. ఇంటి తిండి లోపలికి రానిస్తారు. గాజు సీసాలు మాత్రం రానివ్వరు. ఆవకాయని ముందే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి.