సంచిలో చిడతలు

మా వరంగల్‌లో ఈ మధ్య సంగీత కచేరీలకు కళాకారుల కొరత తీరిపోయింది. వేదిక మీద నలుగురే ఉంటారు. మిగతావాళ్లంతా కుర్చీల్లో ఉంటారు.

మూడో వరుసలో పెద్దమనిషి సంచి విప్పుతాడు. నీళ్ల సీసా తీస్తాడనుకుంటాం, చిడతలు తీస్తాడు. వెనకాయన ఫోన్‌లో తంబూరా పెట్టుకుంటాడు. వేదిక మీదావిడ పాడేది అయిదు శ్రుతిలో, ఫోన్ మోగేది రెండులో. ఆవిడ మిశ్రచాపు కీర్తన అందుకుంటుంది, ఆవర్తానికి ఏడక్షరాలు. మన చిడతలాయనకు వచ్చింది ఆదితాళం ఒక్కటే, ఎనిమిది. ఆ మిగిలిన ఒక్క అక్షరం కచేరీ అయ్యేదాకా హాల్లో దిక్కులేకుండా తిరుగుతుంటుంది.

"జర ఆపుతరా సారూ?" అని అడిగి చూడండి. "భక్తితోని వాయిస్తున్న, నీకేం నొప్పి?" అంటాడు. భక్తి అన్నాక ఎవరు నోరెత్తుతారు?

తొడ మీద మెల్లగా తాళం వేసుకోవడం వేరు, అది రసికుడి హక్కు. తిరువయ్యూరులో పుష్య బహుళ పంచమినాడు పంచరత్నాలకు అందరూ గొంతు కలపడమూ వేరు, ఆ సభ కూర్చునేదే అందుకు. ఇక్కడ పిలిచింది వినడానికి. పెళ్లికి పిలిస్తే అక్షింతలు వేసి రావాలి గానీ, తాళిబొట్టు వెంట తీసుకెళ్తామా?

గట్టిగా అంటే "కాకతీయుల గడ్డ, కళ మా నెత్తుట్లనే ఉంది" అంటారు. ఉంది, కాదనను. గణపతిదేవుడి గజసేనకు అధిపతి జాయప సేనాని. 1253-54లో నృత్త రత్నావళి రాశాడు. అంతటివాడు కూడా సభకు ఏనుగును తోలుకొచ్చాడని నేనెక్కడా చదవలేదు. రామప్ప గుడిలో మీటితే స్వరాలు పలికే శిల్పం ఉంది. ఎనిమిది వందల ఏళ్లుగా, ఎవరూ మీటనప్పుడు అది నోరు మూసుకునే ఉంది. రాయికి ఉన్న మర్యాద అది!

హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లోని కళాప్రాంగణానికి నేరెళ్ల వేణుమాధవ్ పేరు పెట్టుకున్నాం. లోకంలోని చప్పుళ్లన్నీ ఒక్క గొంతులో పలికించిన మనిషి పేరున్న చోటికి సంచి నిండా చప్పుడు మోసుకెళ్లడమేమిటి?

నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. చెప్పుల స్టాండు పక్కనే చిడతల స్టాండు కూడా పెట్టండి. టోకెన్ ఇవ్వండి. టోకెన్ పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం దయచేసి తిరిగి ఇవ్వకండి.