గంటకు 322 కిలోమీటర్లు, మదీనా చౌరస్తా మినహా

ఒక ఊరు ప్రపంచ స్థాయి నగరం కావాలంటే ఏం చేయాలి? మంచినీళ్లు, మోరీలు, ఫుట్‌పాత్‌లు అంటూ లెక్కలు తీసేవాళ్లు ఉత్త అమాయకులు. ఒక శనివారం మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఒడ్డున 22 ఒంటిసీటు కార్లను గిరగిరా తిప్పితే చాలు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ ఆ పని కాస్తా పూర్తి చేసి చేతులు దులుపుకుంది. దాని పేరు ఫార్ములా ఈ, కరెంటు కార్ల రేసు. 2013లో నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ దుకాణం కట్టేశాక, దేశంలో కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరగడం మళ్లీ అదే మొదలు.

ట్రాక్ పొడవు 2.8 కిలోమీటర్ల పైచిలుకు. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, అప్పటికి ఇంకా సున్నాలు వేయించుకుంటున్న కొత్త సచివాలయం, ఐమాక్స్. ఒక చుట్టుకు పట్టే కాలం 73 సెకన్ల చిల్లర. అక్కడికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, సరిగ్గా అదే 73 సెకన్లలో, చార్మినార్ దగ్గర ఆటో ఎక్కినవాడు పండుగ ముందు రోజుల్లో గుల్జార్ హౌజ్ దాకా వస్తే అదృష్టవంతుడే. మూసీకి అటువైపు ప్రపంచ స్థాయి, ఇటువైపు మదీనా చౌరస్తా.

కారును తప్పుబట్టడానికి మాత్రం ఏమీ లేదు. ఆ ఏడాదే రంగంలోకి దిగిన జెన్3 కారు బరువు డ్రైవర్‌తో కలిపి 840 కిలోలు. శక్తి 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 హార్స్‌పవర్. దీని అసలు గొప్పతనం పరుగులో లేదు, ఆగడంలో ఉంది. డ్రైవర్ బ్రేకు తొక్కగానే ముందూ వెనకా ఉన్న మోటార్లు జనరేటర్లుగా మారిపోయి 600 కిలోవాట్ల దాకా కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతాయి. ఆ పని ఎంత బాగా చేస్తాయంటే, వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు అక్కర్లేదనుకుని కారును గీశారు. రేసులో ఖర్చయ్యే కరెంటులో 40 శాతానికి పైగా ఇలా బ్రేకుల నుంచి రాబట్టిందే.

ఈ సంగతి పాతబస్తీలో ముందే తెలిసి ఉంటే కథ వేరేగా ఉండేది. అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి శాలిబండ చేరేలోపు ఆటోవాలా కాలు యాక్సిలరేటర్ మీద కన్నా బ్రేకు మీదే ఎక్కువసేపు ఉంటుంది. ఆ బ్రేకుల కరెంటంతా ఒడిసిపట్టగలిగితే లాడ్ బజార్ గాజుల కొట్లు బిల్లు కట్టకుండా తెల్లవార్లూ వెలుగుతాయి. ఫార్ములా ఈలో ‘అటాక్ మోడ్’ అని మరో ముచ్చట ఉంది. అందరూ వెళ్లే దారి వదిలి, మలుపులో బయటి అంచున గీసిన గీతల మీదుగా పోయిన డ్రైవర్‌కు కొన్ని నిమిషాలపాటు అదనంగా 50 కిలోవాట్లు దక్కుతాయి. పత్తర్‌గట్టిలో ప్రతి స్కూటరూ ఈ విద్యలో ఆరితేరిందే. కాకపోతే అక్కడ అదనపు కిలోవాట్లు ఇవ్వరు, చలానా ఇస్తారు.

ఇక వేగం. గరిష్ఠ వేగం గంటకు 322 కిలోమీటర్లని ప్రచారం హోరెత్తింది. హైదరాబాద్ ట్రాక్‌లో మలుపులే 18. పోల్ పొజిషన్ కొట్టిన మిచ్ ఎవాన్స్ చుట్టుకు సగటు కడితే గంటకు 140 కూడా దాటదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ శుక్రవారం రాత్రయినా అంతకు తగ్గనివాళ్లు కనిపిస్తారు. వాళ్లను చూడ్డానికి టికెట్ కూడా అక్కర్లేదు.

రేసు మాత్రం పసందుగానే సాగింది. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ జట్టు సొంతగడ్డ మీద ఇరగదీస్తుందనుకుంటే, ఆ జట్టు డ్రైవర్ శామ్ బర్డ్ వచ్చి సాటి డ్రైవర్ ఎవాన్స్‌నే గుద్దాడు. ఒక్క దెబ్బకు రెండు జాగ్వార్లూ ఇంటికి. ఇలాంటి ప్రమాదానికి హైదరాబాదీలు టికెట్ కొనుక్కుని చప్పట్లు కొట్టడం బహుశా అదే మొదటిసారి. డీఎస్ పెన్స్కే జట్టు డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్, బ్యాటరీ అడుగంటుతున్నా నిక్ కాసిడీని వెనకే ఉంచి గెలిచాడు. ఆ నైపుణ్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

మెచ్చుకోలేనిది ఈ రేసు చుట్టూ అల్లిన కథ. ఫార్ములా ఈ తనది ‘నికర సున్నా’ కార్బన్ క్రీడ అని చెప్పుకుంటుంది. కార్లు, టైర్లు, సామగ్రి ఖండాలు దాటి వస్తాయి. తగ్గించలేని పొగకు ఆఫ్‌సెట్లు కొని లెక్క సరిచేస్తారు. బాగానే ఉంది. మరి ఆ రేసు కోసం సాగర్ చుట్టూ రోడ్లు మూసేస్తే ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు ఇరుక్కుపోయిన బండ్లు ఇంజన్లు ఆపకుండా తాగిన పెట్రోలు ఆ సున్నాలో ఏ మూల ఉంది?

దీనికి మించిన అంకె ఇంకోటుంది. ఆ ఒక్క రేసుతో నగరానికి దాదాపు 700 కోట్ల రూపాయల మేలు జరిగిందని నీల్సన్ సంస్థ అధ్యయనాన్ని చూపించి చెప్పారు. ‘ఆర్థిక ప్రభావం’ అనేది కంటికి కనిపించదు, చేతికి తగలదు. పత్తర్‌గట్టి అత్తరు దుకాణాల గల్లాపెట్టెలో అందులో ఎన్ని రూపాయలు పడ్డాయని అడిగితే అధ్యయనంలో ఆ పేజీ ఉండదు. విద్యుత్ వాహనాల పరిశ్రమకు రేసు తలుపులు తెరుస్తుందన్నారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్లతో బ్యాటరీ ఫ్యాక్టరీ పెడతామని అమరరాజా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది 2022 డిసెంబరులో. వెర్న్ కప్పు ఎత్తడానికి రెండు నెలల ముందే.

హైదరాబాద్‌కు ఫార్ములాల మీద మోజు కొత్తదేం కాదు. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా గోపన్‌పల్లి దగ్గర ఫార్ములా వన్ ట్రాక్ అంటూ హడావుడి నడిచింది. 2004లో ప్రభుత్వం మారింది, ట్రాక్ కాగితం మీదే ఉండిపోయింది. రెండోసారీ కథ అంతే. 2023 అక్టోబరు 30న పాత ప్రభుత్వం రెండో రేసుకు ఒప్పందం మీద సంతకం చేసింది. డిసెంబరులో కొత్త ప్రభుత్వం వచ్చింది. 2024 జనవరి 5న, సీజన్ మొదలవడానికి ఎనిమిది రోజుల ముందు, ప్రభుత్వం ఒప్పందం నిలబెట్టుకోలేదంటూ నిర్వాహకులు ఫిబ్రవరి రేసును రద్దు చేశారు. భారతీయ డ్రైవర్ జెహాన్ దారూవాలా మసెరాటి జట్టులో అడుగుపెట్టిన సీజన్ కూడా అదే. డ్రైవర్ వచ్చాడు, ఊరు పోయింది.

ఆ తర్వాతి సీజన్ కోర్టుల్లో మొదలైంది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు 55 కోట్లు నిబంధనలకు విరుద్ధంగా విదేశీ సంస్థకు వెళ్లాయన్న ఆరోపణతో 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేసు పెట్టింది. అందులో పాత ప్రభుత్వంలోని పురపాలక మంత్రి కె.టి. రామారావు పేరుంది. తప్పేమీ జరగలేదని, ఇది కక్ష సాధింపని ఆయన అంటున్నారు. ఎవరిది నిజమో తేల్చడం న్యాయస్థానాల పని. పాతబస్తీవాసికి అర్థమయ్యేది ఒక్కటే. తెచ్చినవాళ్లకు రేసు ఒక విజయోత్సవం, ఆపినవాళ్లకు అదొక ఎఫ్‌ఐఆర్. రెంటిలోనూ అతనికి సీటు లేదు.

ఆ రేసు సందడిలో నగరానికి నిజంగా మిగిలినవి, ఎవరూ పెద్దగా గొప్ప చెప్పుకోనివి, మూడు వాహనాలు. 2023 ఫిబ్రవరి 7న హెచ్‌ఎండీఏ మూడు విద్యుత్ డబుల్ డెక్కర్ బస్సులకు జెండా ఊపింది. ఒక్కోదాని ధర 2 కోట్ల 16 లక్షలు. 65 మంది కూర్చోవచ్చు, అటాక్ మోడ్ లేదు. ఆ వివాదాస్పద 55 కోట్లను ఈ ధరతో భాగిస్తే పాతిక బస్సులు వస్తాయి. సికింద్రాబాద్ నుంచి జూపార్కు దాకా తిరిగిన పాత డబుల్ డెక్కర్ 7జెడ్ పైఅంతస్తు ముందు సీటు కోసం కొట్టుకున్నవాళ్లకు ఈ లెక్క వివరించనక్కర్లేదు.

మెట్రో సంగతి చెప్పకపోతే సీజన్ పూర్తికాదు. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చిన రైలు మూసీ గాలి పీల్చుకుంటూ అక్కడే నిలిచిపోయింది. పాతబస్తీ మీదుగా దాన్ని పొడిగించడానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చి 8న. నాలుగేళ్ల పిట్‌స్టాప్ ఏ ఫార్ములాలోనూ లేదు.

రేపు మరో మంత్రిగారు మరో రేసుకు సంతకం పెట్టకపోరు. పెట్టుకోనివ్వండి, కార్లు నిజంగానే చూడముచ్చటగా ఉంటాయి. ఒప్పందంలో ఒక్క షరతు మాత్రం చేర్చమని అడగండి: జెండా ఊపేలోగా పాతిక విద్యుత్ బస్సులు అఫ్జల్‌గంజ్ మీదుగా జూపార్కు దాకా తిరగాలి.