సెక్యూర్ చెత్తబుట్ట

ఫ్లెక్సీ చూసే ఉంటారు. మీ పక్క కాలేజీ గేటుకీ కట్టే ఉంటారు. రెండు రోజుల వర్క్‌షాపులో సెక్యూర్ ఐఓటీ డిజైను, ప్రోటోటైపు, సర్టిఫికెట్! నిరుడు ఇదే హాలు, ఇదే రిసోర్స్ పర్సన్, ఇవే స్లైడ్లు. అప్పటి ఫ్లెక్సీ మీద "సెక్యూర్" ఒక్కటే లేదు. ఆ ఒక్క మాటకే ఫీజు పెరిగింది.

మొదటి రోజు పొద్దున జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. మధ్యాహ్నం ఎల్‌ఈడీ వెలిగించడం. రెండో రోజు అసలు ఘట్టం, చెత్తబుట్ట.

దీని గురించి నాలుగు మాటలు అనకపోతే నాకు అన్నం సహించదు. అల్ట్రాసోనిక్ సెన్సరు, సర్వో మోటారు, చెయ్యి ఊపితే లేచే మూత. ఏ ప్రాజెక్టు ఎక్స్‌పోకి వెళ్లినా ఇదే ఎదురొస్తుంది. అన్నలు చేశారు, తమ్ముళ్లు చేస్తున్నారు, అమీర్‌పేటలో రిపోర్టుతో సహా కొనుక్కోవచ్చు. మా వీధి చివరి కుండీకి మాత్రం ఇప్పటికీ మూతే లేదు.

ఈ ఏడు బుట్టకి వైఫై పెట్టారు. నిండితే ఫోనుకి కబురొస్తుందట. ఆ కబురు వెళ్లే దారి చూడండి. ఈఎస్‌పీ32 బోర్డు ప్రోగ్రాములో వైఫై పాస్‌వర్డు ఉన్నదున్నట్టు రాస్తారు. ఆ ప్రోగ్రామునే గిట్‌హబ్‌లో లోకమంతా చూసేలా పెడతారు. ఎంక్యూటీటీ సందేశాలు 1883 పోర్టు మీద, ఏ ముసుగూ లేకుండా, ఎవరైనా వినగల పబ్లిక్ బ్రోకరుకి పోతాయి. ఏ కుర్రాడైనా పట్టుబట్టి ముసుగుగా టీఎల్‌ఎస్ పెడితే సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది. దానికి సారు చెప్పే మందు ఒక్క లైను: సెట్‌ఇన్‌సెక్యూర్. అవతల ఉన్న సర్వరు ఎవరిదో అడగొద్దని బోర్డుకి ఆజ్ఞ!

భద్రత అసలు లేదనను. చివర్లో చేతికిచ్చే సర్టిఫికెట్ మీద ఉంది. నకిలీలు రాకుండా క్యూఆర్ కోడూ, హోలోగ్రామూ.

నవ్వు ఇక్కడితో చాలు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్‌కి అరవై చిల్లర పాస్‌వర్డుల జాబితా సరిపోయింది, ఫ్యాక్టరీలో పెట్టి వదిలేసిన అడ్మిన్-అడ్మిన్ లాంటివి. లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు దాని చేతిలోకి పోయాయి. ఆ అక్టోబరు 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద ఆ సైన్యం చేసిన దాడితో అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ రాసింది కాలేజీ ఈడు కుర్రాళ్లు. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అలాంటి పాస్‌వర్డులను చట్టం పెట్టి నిషేధించింది. మన దేశంలోనూ 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలు భద్రతా పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష నెగ్గే వస్తువు తయారుచెయ్యాల్సిన పిల్లల చేత మనం మూతలు ఎత్తిస్తున్నాం. డబ్బు తీసుకుని మరీ. పచ్చి మోసం ఇది.

నాలుగైదు వందలు పెడితే వచ్చే అదే ఈఎస్‌పీ32 బోర్డులో సెక్యూర్ బూట్ ఉంది, ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ ఉంది. సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే సంతకం లేని ప్రోగ్రామును అది నడపనే నడపదు. మరెందుకు నేర్పరు? వాటి తాళాలు చిప్‌లోని ఈఫ్యూజుల్లో రాయాలి, ఒకసారి రాసింది చెరపలేం. తప్పు రాస్తే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. కిట్టు ముగ్గురికొకటి, సాయంత్రం లెక్కపెట్టి వాపసు ఇవ్వాలి. ఒకటో రెండో బోర్డులు పాడుచెయ్యకుండా ఈ విద్య రాదు. బోర్డు పాడవకూడదన్నదే నిర్వాహకుల మొదటి షరతు.

కాబట్టి బాబూ, అమ్మాయీ, ఫీజు కట్టేముందు ఒక్కటే అడగండి: మేం చేసినదాని మీద మా చేతే దాడి చేయిస్తారా? "టైము చాలదు" అంటే ఆ డబ్బుతో మీరే రెండు బోర్డులు కొనుక్కోండి. ఒకటి పాడవుతుంది, పాడవనివ్వండి.