పైసా ఖర్చు లేని సోఫా

చెక్క ప్యాలెట్ అంటే ఏమిటో పల్నాడు జిల్లా నకరికల్లులో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. సిమెంటు కొట్లో బస్తాల కింద ఉంటుంది, ఎరువుల కొట్లో యూరియా కింద ఉంటుంది, రైసుమిల్లులో బియ్యం కింద ఉంటుంది. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద వచ్చిన లారీ దించిన సరుకుకి నేల చెమ్మ తగలకుండా చూడటం దాని ఉద్యోగం. దాన్ని చెక్క అంటారు, బల్ల అంటారు, పని కానిచ్చేస్తారు. అది బల్ల కాదనీ, సోఫా అనీ, ఊయల అనీ, మంచమనీ, నిలువు తోట అనీ ఈమధ్య ఫోన్లు చెప్తే గానీ ఊరికి తెలియలేదు.

ఫోన్లో రీలు చూస్తే ఆ విద్య రెండు నిమిషాల్లో పూర్తవుతుంది. తెల్ల చొక్కా నలగని ఓ కుర్రాడు ఎక్కడి నుంచో నాలుగు ప్యాలెట్లు తెస్తాడు. ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. బ్రష్షు అటోసారి ఇటోసారి ఆడిస్తాడు. పైన పరుపు, పక్కన తీగమొక్క, చేతిలో కాఫీ కప్పు, వెనక సంగీతం. కింద ఒకటే వాక్యం: పైసా ఖర్చు లేదు, పర్యావరణానికి మేలు. అంత చిన్న వాక్యంలో రెండు అబద్ధాలు ఇరికించడం నిజంగా గొప్ప పనితనమే. చెక్కపనిలో అది కనిపించకపోవడమే వచ్చిన చిక్కు.

ముందు ఆ పైసా సంగతి. పల్నాడులో చెక్క ఊరికే పడుండదు. విరిగిన ప్యాలెట్ టిఫిన్ బండి పొయ్యిలోకి పోతుంది, విరగనిది మళ్లీ బస్తాల కిందికే పోతుంది. యజమాని లేని ప్యాలెట్ కోసం నకరికల్లు అడ్డరోడ్డు నుంచి నరసరావుపేట దాకా వెతికితే పెట్రోలు ఖర్చు తప్ప ఏమీ మిగలదు. ఇక పాత సామాన్ల కొట్టే దిక్కు. కారు దిగిన మనిషి ‘ఇంటి డెకరేషన్‌కి’ అని నోరు జారాడంటే రేటు అక్కడే రెక్కలు కట్టుకుంటుంది. ఆపైన ట్రాలీ ఆటో కిరాయి, వడ్రంగి కూలి, గరుకు కాగితం, వార్నిషు, స్పాంజి, దానికి గలేబు, గలేబు కుట్టిన దర్జీ డబ్బులు. చారాణా కోడికి బారాణా మసాలా అని ఊరికే అనలేదు పెద్దలు.

వడ్రంగి కూలి ఎందుకు, మేకులు మనమే పీకేసుకోవచ్చు కదా అంటారు రీళ్లవారు. యూరప్ రైల్వేలు 1961లో ఖరారు చేసిన యూరో ప్యాలెట్‌నే తీసుకోండి. 11 పలకలు, 9 దిమ్మలు, 78 మేకులు. దాని బరువు సుమారు 25 కిలోలు, మోసేది 1500 కిలోలు. టన్నున్నర మీద పడ్డా విడిపోకూడదని కొట్టిన మేకులవి. ఒంటి నిండా మరలో గాట్లో ఉంటాయి, చెక్కని కరిచి పట్టుకుంటాయి. పలుగు దూర్చి ఎత్తితే మేకు రాదు, పలక వస్తుంది, అదీ రెండు చీలికలుగా. ఒక్కోసారి మేకు తల ఊడొచ్చి ఒళ్లు చెక్కలోనే ఉండిపోతుంది. ఆ సంగతి వడ్రంగికి చిత్రిక పట్టేటప్పుడు టక్కుమన్న చప్పుడుతో తెలుస్తుంది. అప్పటికే చిత్రిక బ్లేడుకి గంటు పడి ఉంటుంది. దాన్ని సాన పడుతూ ఆయన అనే మాటలు ఏ రీల్లోనూ వినిపించవు.

పైగా మన దగ్గర తిరిగే బల్లల్లో చాలావాటికి ఆ యూరప్ కొలతలేమీ ఉండవు. చేతికందిన జామాయిలు పలకా, మామిడి పలకా కలిపి కొట్టినవే ఎక్కువ. ఒకటి అంగుళం మందం, పక్కది ముప్పాతిక. కోటప్పకొండ తిరునాళ్లకి ఆకాశమంత ప్రభలు కట్టి నడిపించే ఊళ్లివి. ఇక్కడి జనం ప్యాలెట్ సోఫా చేసుకోనిది కట్టెపని తెలియక కాదు, తెలిసే.

సోఫా అయిందనే అనుకుందాం. యూరో ప్యాలెట్ ఎత్తు 144 మిల్లీమీటర్లు. రెండు పేరిస్తే అడుగు కూడా లేదు. మీద వేసిన స్పాంజి కూర్చోగానే సగం అణుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య అందులో కూలబడితే, లేపడానికి ఇద్దరు మనవలు సెలవు పెట్టాలి. వెనక ఆనుకుందామంటే గోడే గతి. ఇంటికొచ్చిన చుట్టం దాని చుట్టూ ఒక చూపు తిప్పి, మర్యాదగా ప్లాస్టిక్ కుర్చీ అడుగుతాడు.

చెద పట్టదా అని ఎవరైనా అడిగితే రీళ్లవారి దగ్గర సిద్ధంగా ఒక బ్రహ్మాస్త్రం ఉంది: హెచ్.టి. ముద్ర. ఆ ముద్ర నిజమైనదే, దాని వెనక కథా నిజమైనదే. 1996లో న్యూయార్క్‌లో ఆసియా జాతి పొడవు మీసాల పురుగు బయటపడింది. సరుకుతో వచ్చిన ప్యాకింగ్ చెక్కల్లో దాక్కుని చైనా నుంచి సముద్రం దాటిన అతిథి అది. దాన్ని ఆపడానికి అక్కడ చెట్లని వేల సంఖ్యలో కొట్టేయాల్సొచ్చింది. ఇలాంటి అనుభవాల తర్వాత, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నీడలో నడిచే మొక్కల రక్షణ ఒప్పందం 2002లో ఒక నియమం తెచ్చింది. దేశం దాటే ప్యాకింగ్ చెక్కకి నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి, ఆగకుండా 30 నిమిషాలు పట్టించాలి. అలా చేస్తే హెచ్.టి., మిథైల్ బ్రోమైడ్ గ్యాసు పట్టిస్తే ఎం.బి. పక్కనే కంకి గుర్తు, దేశం అక్షరాలు. మనదైతే ఐ.ఎన్.

ఆ వేడి అప్పటికి చెక్కలో ఉన్న పురుగుని చంపుతుంది, అంతే. రేపు రాబోయే చెదని అడ్డుకునే మందు అందులో చుక్క కూడా లేదు. పెరట్లో తడి మట్టి మీద పెట్టిన ప్యాలెట్ దగ్గరికి వచ్చిన చెదపురుగు ముద్ర చదివి వెనక్కి పోదు. పోనీ వేడే అంత గొప్పదైతే, మన జిల్లాలోనే రెంటచింతల ఉంది. మే నెలలో నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీలు దానికి కొత్త కాదు. ఇంకో పది కలిస్తే ఊరు ఊరంతటికీ హెచ్.టి. ముద్ర కొట్టేయొచ్చు. ఆ ఎండలో డాబా మీద వార్నిషు వేసిన చెక్క సోఫాలో సాయంత్రం కాఫీ తాగే భాగ్యం రీళ్లు తీసినవారికే దక్కాలి.

అసలు ముద్ర చూసి కొనండి అన్న సలహా వినడానికే బాగుంటుంది. దేశం దాటని చెక్కకి ఆ ముద్రతో పనిలేదు. సిమెంటు కొట్లో, ఎరువుల కొట్లో అరిగిపోయిన బల్ల మీద ముద్రే కనిపించకపోవచ్చు. కనిపించినా అది చెప్పేది చెక్కకి ఏ చికిత్స చేశారో మాత్రమే. తర్వాత దాని మీద ఏం దించారో, ఏ డబ్బా కారిందో చెప్పదు. మిర్చి, పత్తి పండే సీమ ఇది. పురుగుమందు లేని సీజను ఇక్కడి రైతు ఎరగడు. మందుల కొట్లో ఏళ్ల తరబడి నానిన చెక్కని తెచ్చి, అందులో మట్టి పోసి, గోంగూర విత్తి, ‘మా ఇంటి ఆర్గానిక్ తోట’ అని పేరు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి.

చెక్క ఏం చేస్తుందిలే అనుకునేవారికి ఒక సంగతి. 2010 జనవరిలో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ వారి మెక్‌నీల్ కంపెనీ టైలినాల్ లాంటి మాత్రల సీసాలని మార్కెట్ నుంచి పెద్దయెత్తున వెనక్కి పిలిచింది. సీసా మూత తీస్తే ముక్క వాసన, కొందరికి కడుపులో వికారం. ఆరా తీస్తే దోషి దొరికింది: ప్యాలెట్. ప్యాకింగ్ సామాను మోసిన చెక్కలకి పట్టించిన రసాయనం విరిగి ట్రైబ్రోమోఅనిసోల్ అనే పదార్థంగా మారి ఆ వాసన తెచ్చింది. మాత్రలు ఆ చెక్కల మీద కూర్చోను కూడా లేదు, వాటి డబ్బాలు కూర్చున్నాయి. మన రీళ్లవారు ఏకంగా పసిపిల్లల ఊయలే కడుతున్నారు.

నిలువు తోటదీ అదే వరస. ప్యాలెట్‌ని గోడకి నిలబెట్టి, వెనక పట్టా కొట్టి, మట్టి కూరి, రోజూ నీళ్లు పోస్తే ముందు చెక్క కుళ్లుతుంది. మొక్క సంగతి తర్వాత. నేలమీద పరిచిన ప్యాలెట్ కింద చల్లగా, చీకటిగా, జానెడు ఖాళీ ఉంటుంది. ఎలుకకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. ఎలుక చేరితే దాని వెనకే కట్లపాము చేరుతుంది. తేలూ జెర్రీ పిలవకుండానే వస్తాయి. పొలాల అంచున ఉన్న పెరళ్లలో ఇవి ఊహించి రాయాల్సిన సంగతులు కావు.

ఇక రెండో అబద్ధం, పర్యావరణం. ప్యాలెట్‌ని చెత్త అనడంలోనే తిరకాసుంది. అది విరిగేదాకా తిరుగుతూ ఉండటానికే పుట్టింది. విరిగితే పలక మార్చి మళ్లీ బస్తాల కిందికి పంపుతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలెళ్లిన ప్యాలెట్లనీ, ఫోర్క్‌లిఫ్టులనీ అక్కడి ప్రభుత్వం పోగుచేసి నడిపించింది. నీలంరంగు ప్యాలెట్లకి పేరుబడ్డ చెప్ కంపెనీకి మూలం అదే. ఆ కంపెనీ మన దేశంలోనూ అడుగుపెట్టింది. ఆ నీలం ప్యాలెట్లని అద్దెకి తిప్పడమే తప్ప అమ్మదు. అంటే ఏ రీల్లోనైనా నీలంరంగు గీకుతూ కనిపించారంటే, పర్యావరణాన్ని కాపాడుతున్నది పరాయి సొత్తుతో. పనిలో ఉన్న చెక్కని సోఫాగా కూర్చోబెడితే, దాని చోట బస్తాల కింద వేయడానికి కొత్త చెక్క కోయాల్సిందే. సోఫా మీది స్పాంజి, వార్నిషు ఏ చెట్టుకి కాశాయో కూడా రీళ్లవారే చెప్పాలి.

పాత చెక్కని వాడటం తప్పని కాదు. నకరికల్లు చుట్టుపక్కల ఆ పని రీళ్లు పుట్టకముందు నుంచీ జరుగుతోంది. వడ్ల బస్తాల కింద వేస్తారు. మిర్చి టిక్కీలకి నేల చెమ్మ తగలకుండా పరుస్తారు. మేకల దొడ్లో బురద నుంచి పిల్లల్ని పైన పెట్టడానికి వేస్తారు. ఎవరూ వీడియో తీయలేదు, పేరు పెట్టలేదు. చెక్కని చెక్కగానే వాడారు కనక ఖర్చూ కాలేదు. ఇదే ఊళ్లలో కూర్చోడానికీ పడుకోడానికీ నులక మంచం ఉంది. 2017లో ఆస్ట్రేలియాలో ఒకాయన అలాంటి మంచానికే 990 డాలర్లు వెల కట్టి ప్రకటన ఇచ్చాడు. అక్కడివాళ్లు మన మంచం కోసం అంత పెట్టమంటుంటే, మనవాళ్లు మంచాన్ని అటకెక్కించి వాళ్ల సరుకు కింద చెక్క మీద కూర్చుంటున్నారు.

కాబట్టి ప్యాలెట్ దొరికినవారు బస్తాల కింద వేసుకోండి. నూనె మరకలున్నదీ, మందుల కొట్టు నుంచి వచ్చినదీ, ఘాటు వాసన కొట్టేదీ పిల్లలు ఆడే చోటికీ ఆకుకూరల మడికీ రానివ్వకండి, వంట పొయ్యిలోకి అసలే తోయకండి. సోఫా మీద మనసు పడితే నాలుగు వేప పలకలు తెచ్చి ఊళ్లో వడ్రంగికి కబురు పెట్టండి. ఆయన అడిగే కూలి ఎటూ ఇవ్వాల్సిందే, కనీసం చిత్రిక బ్లేడైనా దక్కుతుంది.