గంజాం జిల్లా కొడలలో చెవి డాక్టరై స్థిరపడటానికి చిట్కాలు

1. ముందు బోర్డు రాయించండి. ఆడియాలజిస్టు కావాలంటే బీఏఎస్ఎల్‌పీ డిగ్రీ చదవాలంటారు. ఇంటర్న్‌షిప్పుతో కలిపి 4 ఏళ్ళు! మైసూరు ఆయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) లాంటి చోట సీటు కావాలంటే ఎంట్రన్సు కూడా రాయాలి. అంత శ్రమ వద్దు. తెల్లకోటు కొనుక్కుని ‘చెవి డాక్టర్’ అని ఒడియాలో ఒకవైపు, తెలుగులో ఒకవైపు రాయించండి.

2. సౌండ్‌ప్రూఫ్ గదికి డబ్బు తగలెయ్యకండి. బస్సులు ఆగే చోట గది తీసుకోండి. ఆ హారన్ల మోతలో సన్నని బీప్ ఎవరికీ వినబడదు కనుక వచ్చినవాళ్ళందరికీ వినికిడి మిషన్ అమ్మొచ్చు.

3. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. ఆడియోగ్రాంలో నేర్చుకోవలసింది ఇంతే. 250 నుంచి 8000 హెర్ట్‌జ్ దాకా మెట్టుమెట్టూ చూస్తూ కూర్చోకండి. 1000 దగ్గర ఒక్కసారి నొక్కి, మిగతా గీత చేత్తో గీసెయ్యండి.

4. మన గంజాంలో మంచి రాబడి మాటల పరీక్షలో ఉంది. వచ్చినవాళ్ళకి ఏ భాష సొంతమో ఆ భాషలోనే మాటలు వినిపించాలని నియమం. మీరు మాత్రం ఇంట్లో తెలుగు తప్ప మరోటి మాట్లాడని మామ్మగారికి ఒడియా మాటలు చదవండి. తిరిగి చెప్పలేక తడబడుతుంది. మార్కులు కోసేసి, ‘‘నరం దెబ్బతింది మామ్మగారూ, ఖరీదైన మిషనే పెట్టాలి’’ అనండి. ‘‘వినబడుతోంది బాబూ, అర్థమే కావట్లేదు’’ అంటే, ‘‘అదేనండీ జబ్బు’’ అని బిల్లు రాయండి.

5. పసిపిల్లలకి నెలలోపే చెవి పరీక్ష, లోపముంటే మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా వైద్యం అంటారు. అంత హడావుడి ఎందుకు? వెనక నించుని చప్పట్లు కొట్టండి. నీడ కదిలినా బిడ్డ తల తిప్పుతాడు, తల్లి సంబరపడుతుంది. మాటలు రాలేదని మళ్ళీ వస్తే, ‘‘వాళ్ళ తాతకీ ఆలస్యంగానే వచ్చుంటాయమ్మా’’ అనండి. ఈ ఒక్క మాట మూడేళ్ళు నడుస్తుంది. అప్పటికి గది మార్చెయ్యండి.

6. మిషన్ అమ్మిన రోజే బ్యాటరీలన్నిటి స్టిక్కర్లూ పీకి చేతిలో పెట్టండి. గాలి తగిలితే చాలు, వాడకపోయినా అరిగిపోతాయి. త్వరలోనే మళ్ళీ మీ గుమ్మంలో ఉంటారు.

7. 1992 ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) చట్టానికి జంకకండి. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యీ ఇప్పుడే డ్రాయరులో విడిగా పెట్టుకోండి. జైలే పడితే ఏడాదిపాటు ఎవరి చెవిలోకీ తొంగిచూడక్కర్లేదు. ఈలోపు గదిలో బావమరిదిని కూర్చోబెట్టండి. తెల్లకోటు అతనికి సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.